అపాచీ మాన్యువల్‌లో ‘వర్కర్’ అన్న మాటను విడదీసి రాయడం: నా అనుభవం

వెబ్ పేజీలను బ్రౌజర్లకు పంపే అపాచీ హెచ్‌టీటీపీ సర్వర్ డాక్యుమెంటేషన్‌లో ‘వర్కర్’ అన్న మాట నాలుగు వేర్వేరు వాటికి వాడుకలో ఉంది. ఒకటి, వర్కర్ అనే పేరున్న ఎంపీఎం మాడ్యూల్. ఎంపీఎం అంటే వచ్చే రిక్వెస్టులను ఎలా పంచి నడపాలో నిర్ణయించే భాగం; ఈవెంట్, ప్రీఫోర్క్ కూడా ఎంపీఎంలే. రెండోది, వచ్చిన రిక్వెస్టును తీసుకుని జవాబిచ్చే థ్రెడ్ లేదా ప్రాసెస్ (ప్రాసెస్ అంటే విడిగా నడిచే ప్రోగ్రామ్, థ్రెడ్ అంటే దాని లోపల సమాంతరంగా నడిచే పని). మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ అనే డైరెక్టివ్ (కాన్ఫిగ్ ఫైలులో రాసే సెట్టింగ్) లెక్కపెట్టేది దీన్నే. మూడోది, రిక్వెస్టును వెనకున్న మరో సర్వర్‌కు పంపే మాడ్_ప్రాక్సీలో ఆ సర్వర్ వివరాలనూ, దానికి తెరిచే కనెక్షన్లనూ కలిపి పెట్టుకునే ఆబ్జెక్ట్. నాలుగోది, హెచ్‌టీటీపీ/2 ప్రోటోకాల్‌ను నడిపే మాడ్_హెచ్‌టీటీపీ2 తనకోసం విడిగా నడుపుకునే థ్రెడ్లు. అపాచీకి ముందు ఇంజిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్ పెట్టుకున్నవాళ్లకు ఐదోది కూడా ఉంది: అక్కడ వర్కర్ అంటే ఒక పూర్తి ప్రాసెస్. జావా అప్లికేషన్లు నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌కు మాడ్_జేకే మాడ్యూల్‌తో కలిపేవాళ్లకైతే వర్కర్ అంటే ఒక టామ్‌క్యాట్ ఇన్‌స్టెన్స్.

మా ఆపరేషన్స్ మాన్యువల్ అపాచీ మాన్యువల్ మీదే ఆధారపడి ఉంటుంది. అందులో ఈ మాటను ఎక్కడికక్కడ విడదీసి సరిచేసే పని నేను చేశాను. అందరికీ పనికొచ్చే మార్పులను అపాచీ సోర్సు మీద విడిగా ప్యాచ్‌గా (అసలు ఫైళ్లలో ఏం మారాలో చెప్పే ఫైలుగా) తయారుచేశాను. ఆ పని ఏ వరసలో చేయాలి, ఎక్కడ దెబ్బతింటుంది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఇది మాటల పట్టింపు ఎందుకు కాదో చెప్పాలి. ఎర్రర్ లాగ్‌లో ఏహెచ్00484 నంబరుతో ‘సర్వర్ మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ పరిమితిని చేరింది, పెంచే సంగతి చూడండి’ అన్న అర్థంలో సందేశం వస్తుంది. ఈవెంట్ ఎంపీఎంలో నంబరు ఇది. ప్రీఫోర్క్‌లో అదే సందేశం ఏహెచ్00161గా వస్తుంది. చదివిన మనిషి మాన్యువల్ తెరిచి ‘వర్కర్’ అని వెతుకుతాడు. ప్రాక్సీ పేజీలో వర్కర్‌కు మ్యాక్స్ అనే పరామితి కనిపిస్తుంది, ఎంపీఎం పేజీలో మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ కనిపిస్తుంది. రెండూ ఒకే వర్కర్ గురించే అనుకుంటాడు. లాగ్ చెప్పింది కదా అని రెండోదాన్ని పెంచుతాడు. అసలు ఇరుకు మొదటిదాంట్లో ఉంటే సర్వర్ మెమరీ పెరుగుతుంది, పేజీలు మాత్రం అంతే నెమ్మదిగా వస్తాయి.

కోడ్ ఏం లెక్కపెడుతోంది

పదం మార్చేముందు ఆ పదం వెనక ఏ లెక్క ఉందో ప్రయోగం చేసి చూడాలి. ఇందులో నేను రాజీపడను. వాక్యం చదివి ‘దీని భావం ఇదై ఉంటుంది’ అనుకుని తిరగరాస్తే పాత గందరగోళం పోయి కొత్త తప్పు మిగులుతుంది.

చిన్న టెస్ట్ సర్వర్ చాలు. ఈవెంట్ ఎంపీఎం పెట్టి, సర్వర్‌లిమిట్ 2, స్టార్ట్‌సర్వర్స్ 2, థ్రెడ్స్‌పర్‌చైల్డ్ 5, మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ 10 ఇచ్చాను. అంటే రెండు ప్రాసెస్‌లు, ఒక్కోదాంట్లో ఐదు థ్రెడ్లు, మొత్తం పది రిక్వెస్ట్ వర్కర్లు. మిన్‌స్పేర్‌థ్రెడ్స్ 5, మ్యాక్స్‌స్పేర్‌థ్రెడ్స్ 10 అని కూడా రాయాలి. ఈ రెండింటి డిఫాల్టులు 75, 250. అవి పెద్ద సర్వర్లకు ఉద్దేశించినవి, ఇంత చిన్న లెక్కలో అర్థం లేనివి. సర్వర్‌లిమిట్ మార్చినప్పుడు రీస్టార్ట్ సరిపోదు. పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే మార్పును పట్టించుకోదు. మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ మాత్రం రీస్టార్ట్‌తో మారుతుంది. ఈ తేడా తెలియక పాత విలువలతోనే ప్రయోగం చేసి ఫలితం రాసుకునే ప్రమాదం ఉంది.

వెనక సర్వర్‌గా ప్రతి రిక్వెస్టుకూ 20 సెకన్లు ఆగి జవాబిచ్చే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాశాను. అది మల్టీథ్రెడెడ్‌గా ఉండాలి. ఒక్కొక్క రిక్వెస్టే తీసుకునే రకమైతే ఇరుకు దాని దగ్గరే పడుతుంది, అపాచీ గురించి ఏమీ తెలియదు. రిక్వెస్టులను దానికి పంపే ప్రాక్సీపాస్ లైను అపాచీలో రాసి, మ్యాక్స్ విలువ 2 ఇచ్చాను. లోడు పంపడానికి ఏబీ అనే లోడ్ టెస్ట్ ప్రోగ్రామ్ చాలు. ఏబీ డిఫాల్టుగా 30 సెకన్లపాటు ఏ కదలికా లేకపోతే టైమ్‌అవుట్ అని ఆగిపోతుంది. అందుకే మైనస్ ఎస్ ఆప్షన్‌తో 120 ఇచ్చుకోవడం మంచిది.

ఒకేసారి పంపాల్సింది 10 కాదు, 9. ఏ వర్కర్ ఏం చేస్తోందో చూపే సర్వర్ స్టేటస్ పేజీకి కూడా ఒక రిక్వెస్ట్ వర్కర్ కావాలి. పదీ నిండిపోతే ఆ పేజీ కూడా క్యూలోనే నిలబడుతుంది, మనకు ఏమీ కనిపించదు. తొమ్మిది పంపి, పదోదిగా స్టేటస్ పేజీ తెరిస్తే బిజీ వర్కర్లు 10, ఖాళీవి 0 అని చూపిస్తుంది. అదే సమయంలో ఎస్‌ఎస్ కమాండ్‌తో వెనక సర్వర్ పోర్టుకు ఉన్న కనెక్షన్లు చూస్తే 4 మాత్రమే ఉంటాయి.

ఈ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే విషయం తేలిపోతుంది. ప్రాక్సీ వర్కర్‌కు ఇచ్చిన మ్యాక్స్ మొత్తం సర్వర్‌కు వర్తించదు, ఒక్కో చైల్డ్ ప్రాసెస్‌కు వర్తిస్తుంది. రెండు ప్రాసెస్‌లు, ఒక్కోదానికి 2, కలిపి 4. మిగతా రిక్వెస్ట్ వర్కర్ థ్రెడ్లు పనిచేయడం లేదు, కనెక్షన్ ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తున్నాయి. స్టేటస్ పేజీ దృష్టిలో మాత్రం అవన్నీ బిజీయే. ఎక్వయర్ అన్న పరామితి ఇస్తే, అందులో రాసిన మిల్లీసెకన్లు గడిచాక క్లయింట్‌కు సర్వర్ బిజీ అని జవాబు వెళ్తుంది. ఇవ్వకపోతే అలా వేచి ఉంటాయి.

ఇప్పుడు థ్రెడ్స్‌పర్‌చైల్డ్‌ను 10 చేసి, మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్‌ను 20 చేసి, పంపే రిక్వెస్టులను కూడా ఆ మేరకు పెంచి మళ్లీ చూడండి. వెనక కనెక్షన్లు అదే 4. వేచి ఉండే థ్రెడ్లు మాత్రం పెరుగుతాయి. లాగ్ సందేశం చదివి పెంచిన మనిషికి జరిగేది ఇదే. థ్రెడ్లు అలాగే ఉంచి ప్రాసెస్‌లను 4 చేస్తే కనెక్షన్లు 8 అవుతాయి. కాబట్టి మ్యాక్స్ గురించి రాసే ప్రతి వాక్యంలో ‘ఒక్కో చైల్డ్ ప్రాసెస్‌కు’ అన్న మాట ఉండి తీరాలి. ఈ పరామితి డిఫాల్టు విలువ కూడా ఆ ప్రాసెస్‌లో ఉన్న థ్రెడ్ల సంఖ్యే. ప్రీఫోర్క్‌లో ఎప్పుడూ 1.

రెండో ప్రయోగం కీప్‌అలైవ్ కనెక్షన్లది, అంటే జవాబిచ్చాక కూడా తర్వాతి రిక్వెస్టు కోసం తెరిచి ఉంచేవాటిది. కీప్‌అలైవ్‌టైమ్‌అవుట్ డిఫాల్టు 5 సెకన్లు. చూసే వ్యవధి కోసం దాన్ని 60 చేసి, నెట్‌క్యాట్‌తో కొన్ని కనెక్షన్లు తెరిచి, ఒక్కో రిక్వెస్ట్ పంపి అలా వదిలేశాను. ప్రీఫోర్క్‌లో ఒక్కో కనెక్షన్ ఒక ప్రాసెస్‌ను పట్టుకుని కూర్చుంటుంది, స్టేటస్ పేజీలోని స్కోర్‌బోర్డులో కే అక్షరంతో కనిపిస్తుంది. ఈవెంట్‌లో అవి అసింక్ కనెక్షన్ల పట్టికలోకి వెళ్తాయి, రిక్వెస్ట్ వర్కర్లు ఖాళీగానే ఉంటాయి. ఈవెంట్ ఎంపీఎంలో తెరిచి ఉండగల కనెక్షన్లు మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ కంటే ఎక్కువ. అసింక్‌రిక్వెస్ట్‌వర్కర్‌ఫ్యాక్టర్‌కు ఒకటి కలిపి, దాంతో మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్‌ను గుణిస్తే వచ్చేదే గరిష్ఠం. ఫ్యాక్టర్ డిఫాల్టు 2, వర్కర్లు 400 అయితే 1200.

మాన్యువల్‌లో మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ వివరణ మొదట ‘ఏకకాలంలో నడిచే రిక్వెస్టుల’ పరిమితి అని, వెంటనే ‘పరిమితి దాటిన కనెక్షన్లు’ క్యూలో ఉంటాయని అంటుంది. ప్రీఫోర్క్‌లో ఈ రెండూ దాదాపు ఒకటే కాబట్టి నష్టం లేదు. ఈవెంట్‌లో ఒకటి కావు. హెచ్‌టీటీపీ/2లో అసలే కావు: ఒక్క కనెక్షన్ మీద చాలా రిక్వెస్టులు వస్తాయి, వాటిని మాడ్_హెచ్‌టీటీపీ2 తన సొంత థ్రెడ్లతో నడుపుతుంది. ఆ థ్రెడ్లకు హెచ్2మ్యాక్స్‌వర్కర్స్ అనే వేరే పరిమితి, అదీ చైల్డ్ ప్రాసెస్‌కే.

పేరు మార్చడం మన చేతిలో లేదు

అపాచీ ప్రాజెక్టు ఇదే బాధను ఒకసారి కోడ్‌లోనే సరిచేసింది. 2.3.13కు ముందు మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ పేరు మ్యాక్స్‌క్లయింట్స్. థ్రెడ్లు వచ్చాక అది క్లయింట్ల లెక్క కాదు. మ్యాక్స్‌రిక్వెస్ట్స్‌పర్‌చైల్డ్ 2.3.9లో మ్యాక్స్‌కనెక్షన్స్‌పర్‌చైల్డ్ అయింది. కీప్‌అలైవ్ కనెక్షన్‌లో మొదటి రిక్వెస్టునే లెక్కపెట్టేది కాబట్టి అది కనెక్షన్ల లెక్కే. పేరు తర్వాత నిజానికి దగ్గరైంది. రెండు పాత పేర్లూ ఇప్పటికీ పనిచేస్తాయి. డైరెక్టివ్ పేరు మార్చడానికి ఇదే సరైన దారి అని నా నమ్మకం: కోడ్ మారాలి, పాత పేరు బతకాలి, డాక్యుమెంటేషన్‌లో పాత పేరు కనిపించాలి. పాత పేరు చెరిపేస్తే, పదేళ్లనాటి కాన్ఫిగ్ ఫైలు పట్టుకుని వెతికేవాడికి పేజీ దొరకదు.

డాక్యుమెంటేషన్ రాసేవాళ్లం పేరు మార్చలేం, విశేషణం చేర్చగలం. నేను పెట్టుకున్న నియమం: ‘వర్కర్’ ఒంటరిగా రాకూడదు. ఎంపీఎం గురించైతే ‘వర్కర్ ఎంపీఎం’. జవాబిచ్చేదైతే ‘రిక్వెస్ట్ వర్కర్’, మొదటిసారి వచ్చినచోట అది థ్రెడ్డో ప్రాసెస్సో కూడా చెప్పాలి. మాడ్_ప్రాక్సీలో ‘ప్రాక్సీ వర్కర్’. ఇంజిన్‌ఎక్స్‌లో ‘వర్కర్ ప్రాసెస్’. పరిమితి చెప్పే ప్రతిచోటా అది మొత్తం సర్వర్‌కా, ఒక్కో ప్రాసెస్‌కా అన్నది అదే వాక్యంలో ఉండాలి, పై పేరాలో ఉందిలే అని వదలకూడదు. రెఫరెన్స్ మాన్యువల్‌ను వరసగా చదివేవాళ్లు ఉండరు; వెతికి, ఒక పేరా చదివి, వెళ్లిపోతారు.

ఇంజిన్‌ఎక్స్ అధ్యాయంలో ఈ నియమం బాగా పనికొచ్చింది. అక్కడ వర్కర్_కనెక్షన్స్ డిఫాల్టు 512, అది ఒక్కో వర్కర్ ప్రాసెస్‌కు. అందులో క్లయింట్ కనెక్షన్లే కాక వెనక సర్వర్లకు తెరిచేవీ కలిసే ఉంటాయి. అప్‌స్ట్రీమ్‌లో, అంటే వెనక సర్వర్ల జాబితాలో, రాసే కీప్‌అలైవ్ సంఖ్య కూడా ఒక్కో ప్రాసెస్‌కే, పైగా అది ఖాళీగా దాచి ఉంచే కనెక్షన్ల పరిమితి మాత్రమే. మొత్తం కనెక్షన్లకు పరిమితి కాదు.

సోర్సులో మార్పు

అపాచీ మాన్యువల్‌ను ఎక్స్‌ఎంఎల్‌లో రాస్తారు. డాక్స్ ఫోల్డర్ లోపల మాన్యువల్ అనే ఫోల్డర్ ఉంటుంది. మాడ్యూళ్ల పేజీలు దానిలోని మాడ్ ఫోల్డర్‌లో ఉంటాయి. హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లు వాటినుంచి తయారవుతాయి. పైనే ‘ఈ ఫైలు జనరేట్ అయింది, మార్చవద్దు’ అని రాసి ఉంటుంది. బ్రౌజర్‌లో చూసిన పేజీ కదా అని హెచ్‌టీఎమ్‌ఎల్‌లో సరిచేస్తే, తర్వాతి బిల్డ్‌లో ఆ శ్రమ మాయమవుతుంది.

ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌తో ‘వర్కర్’ వెతికినప్పుడు ఇంగ్లిష్ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లకే పరిమితం చేయాలి. ఫ్రెంచ్, జర్మన్, జపనీస్, కొరియన్, టర్కిష్ అనువాదాలు భాష కోడ్ చివర పెట్టుకుని అదే ఫోల్డర్‌లో ఉంటాయి. దొరికిన ప్రతి వాక్యాన్నీ ఒక షీట్‌లో పెట్టాను: ఫైలు, వాక్యం, ఏ వర్కర్, ఏ పరిధి, మార్చాలా వద్దా. ఈ చివరి గడి అన్నిటికంటే ముఖ్యం. మార్చకూడనివి చాలా ఉంటాయి.

డైరెక్టివ్ పేర్లు ముట్టుకోకూడదు. లాగ్ సందేశాలను ఉన్నదున్నట్టే ఉంచాలి; జనం వాటినే కాపీ చేసి వెతుకుతారు. స్టేటస్ పేజీ ఆటో రూపంలో ఇచ్చే బిజీవర్కర్స్, ఐడిల్‌వర్కర్స్ అన్న ఫీల్డ్ పేర్లను మానిటరింగ్ స్క్రిప్టులు చదువుతుంటాయి, అవీ అలాగే ఉండాలి. సెక్షన్ల ఐడీలు మార్చకూడదు. శీర్షికను ‘ప్రాక్సీ వర్కర్లు’ అని మార్చినా ఐడీ పాతదే ఉంచాలి, లేకపోతే బయటినుంచి వచ్చే లింకులన్నీ తెగుతాయి. ఎడిటర్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ ఒక్కసారి నొక్కితే ఈ నాలుగూ పాడవుతాయి. అందుకే ఒక్కొక్క వాక్యం చేత్తోనే మార్చాలి.

ట్యాగుల విషయంలో ఒక జాగ్రత్త. డైరెక్టివ్ పేరుకు డైరెక్టివ్ ట్యాగ్, అందులో మాడ్యూల్ ఆట్రిబ్యూట్ ఇవ్వాలి. దాన్నిబట్టే లింకు తయారవుతుంది. మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ ఎంపీఎం_కామన్‌లో ఉంది. అక్కడ కోర్ అని రాస్తే బిల్డ్ సాఫీగా అవుతుంది, లింకు మాత్రం లేని చోటికి పోతుంది. మాడ్యూల్ పేరుకు మాడ్యూల్ ట్యాగ్ ఉంది. ‘వర్కర్’ ఎంపీఎం పేరుగా వచ్చిన ప్రతిచోటా ఆ ట్యాగ్ ఉండేలా చూస్తే, పాఠకుడికి లింకు కనిపిస్తుంది కాబట్టి సగం సందేహం అక్కడే తీరుతుంది.

ఎక్కువమందికి తట్టనిది పేరా అమరిక. ఒక మాట చేర్చగానే లైను పొడవైందని పేరా మొత్తాన్ని తిరిగి సర్దితే, డిఫ్‌లో (పాత, కొత్త ఫైళ్ల తేడా చూపే జాబితాలో) ఎనిమిది లైన్లు మారినట్టు కనిపిస్తుంది. అనువాదకులు పనిచేసేది ఆ డిఫ్ చూసే. ప్రతి అనువాద ఫైలు పైన అది ఏ ఇంగ్లిష్ రివిజన్‌కు సరిపోతుందో కామెంట్‌లో ఉంటుంది. అక్కడినుంచి ఇప్పటిదాకా ఏం మారిందో వాళ్లు చూసుకుంటారు. కాబట్టి లైను పొడవుగానే వదిలాను. సర్దాలంటే అది వేరే ప్యాచ్. అనువాదాలను నేను ముట్టుకోలేదు. ఇంగ్లిష్ మారితే అనువాద పేజీ మీద అది పాతబడి ఉండొచ్చన్న గమనిక బిల్డ్‌లో దానంతటదే వస్తుంది. తెలియని భాషలో వాక్యం దిద్దడం కంటే ఆ గమనిక నయం.

బిల్డ్ చేయడానికి డాక్స్‌బిల్డ్ అనే విడి భాగాన్ని అపాచీ సోర్సు ఉండే సబ్‌వెర్షన్ రిపాజిటరీ నుంచి తెచ్చి, మాన్యువల్ ఫోల్డర్ లోపల బిల్డ్ అన్న పేరుతో పెట్టాలి. జావా కావాలి. ముందు వ్యాలిడేట్ ఎక్స్‌ఎంఎల్ టార్గెట్ నడిపి, తర్వాత మొత్తం బిల్డ్. ఎక్కువగా తగిలే తప్పులు రెండు: యాంపర్‌శాండ్‌ను ఎస్కేప్ చేయకపోవడం, మూయని పేరా ట్యాగ్. బిల్డ్ అయ్యాక మార్చిన పేజీలు బ్రౌజర్‌లో తెరిచి ప్రతి లింకూ నొక్కి చూడాలి. పైన చెప్పిన తప్పు మాడ్యూల్ ఆట్రిబ్యూట్ బయటపడేది ఇక్కడే.

ప్యాచ్

ఒక్కో అర్థానికి ఒక్కో ప్యాచ్ చేశాను. ప్రాక్సీ వర్కర్ ఒకటి, రిక్వెస్ట్ వర్కర్ ఇంకొకటి. కలిపి పంపితే, ఒక వాక్యం మీద అభ్యంతరం వచ్చినప్పుడు మిగతావన్నీ ఆగిపోతాయి. ప్యాచ్‌లో ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లే ఉంచాలి. జనరేట్ అయిన హెచ్‌టీఎమ్‌ఎల్‌ను కలిపితే చదివేవాళ్లకు అసలు మార్పు కనిపించదు. ట్రంక్ (అభివృద్ధి జరిగే ప్రధాన సోర్సు) మీద తయారుచేసి, 2.4 బ్రాంచ్‌కు సరిపోతుందో లేదో విడిగా చూడాలి, రెండుచోట్లా వాక్యాలు అక్షరాలా ఒకటే కావు. తప్పులను నమోదుచేసే బగ్‌జిల్లాలో డాక్యుమెంటేషన్‌కు విడి విభాగం ఉంది. గిట్‌హబ్ మిర్రర్ మీద పుల్ రిక్వెస్ట్ కూడా పంపవచ్చు.

వివరణలో నాలుగు విషయాలు రాస్తాను: ఇప్పుడున్న వాక్యం, దాన్ని చదివి మనిషి చేసే పొరపాటు, ప్రయోగంలో కనిపించిన అంకెలు, కొత్త వాక్యం. ‘ఈ పదం గందరగోళంగా ఉంది’ అని మాత్రమే రాస్తే అది అభిరుచి విషయంగా మిగిలిపోతుంది. ‘10 థ్రెడ్లు బిజీ, వెనక 4 కనెక్షన్లు, మ్యాక్స్ 2, చైల్డ్ ప్రాసెస్‌లు 2’ అని రాస్తే ఎవరైనా తమ యంత్రం మీద చేసి చూసుకోవచ్చు.

ప్రాక్సీ వర్కర్ పేజీలో ఒక భాగాన్ని మాత్రం పదం చేర్చి వదిలేయకుండా ఉదాహరణ చూసి మరీ రాయాలి. ఒక ప్రాక్సీపాస్ లైనుకు ఒక వర్కర్ అని చాలామంది అనుకుంటారు. ముందు రాసిన లైనులోని వెనక సర్వర్ యూఆర్‌ఎల్, తర్వాతి లైనులోని యూఆర్‌ఎల్‌కు మొదటి భాగంగా ఉంటే, రెండో లైనుకు కొత్త ప్రాక్సీ వర్కర్ పుట్టదు, మొదటిదాన్నే పంచుకుంటుంది. మొదటి లైనులో టైమ్‌అవుట్ 60, రెండోదాంట్లో 10 అని రాస్తే, రెండోదానికి కూడా 60 వర్తిస్తుంది. లాగ్‌లో ఒక హెచ్చరిక మాత్రం వస్తుంది. పొడవైన యూఆర్‌ఎల్ ఉన్న లైను ముందు, పొట్టిది తర్వాత రాస్తే ఈ చిక్కు రాదు. మా మాన్యువల్‌లో ఈ సంగతిని గమనిక పెట్టెలోంచి తీసి ప్రాక్సీపాస్ రాసే విధానంలో మొదటి అడుగుగా పెట్టాను, పక్కనే ఆ హెచ్చరిక వాక్యాన్ని లాగ్‌లో ఉన్నది ఉన్నట్టు ఇచ్చాను.